చెయ్యి పడిపోతోందంటే

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల చుట్టూ అందరూ చేరారు. రొట్టెలు వేడివేడిగా ఉన్నాయి, గుడ్ల కూర ఘుమఘుమలాడుతోంది. అయినా ఒక్కరూ ముద్ద నోట పెట్టడం లేదు. కుడిచేతులు భుజం ఎత్తున ముందుకు చాపి, బడిలో శిక్ష పడ్డ పిల్లల్లా వరసగా నిలబడ్డారు. ఆ ఇంటికి పెద్దదైన అక్కయ్య ఒక్కొక్కరి ఎడమచేతిలో ఓ గుడ్డు పెట్టి, చాపిన కుడిచేతిని మణికట్టు దగ్గర రెండు వేళ్ళతో కిందికి నొక్కి చూస్తోంది. చెయ్యి పడకుండా నిలబడితే గుడ్డు ఆ ఒంటికి పడుతుంది. చెయ్యి పడితే గుడ్డు పడదు. కొత్తవాళ్ళకి ఈ తిరకాసు అర్థమయ్యేలా చెప్పాలంటే తలప్రాణం తోకకొస్తుంది గానీ, ఆ ఇంట్లోవాళ్ళకి కొట్టినపిండి.

"మా బస్సు ఎవరైనా చెయ్యెత్తితే ఆగుతుంది. మా వదినగారింట్లో భోజనం చెయ్యెత్తితే గానీ కదలదు," అన్నాడు అక్కయ్య చెల్లెలి భర్త. అతను సిటీ బస్సు నడుపుతాడు.

"మరిదిగారూ, మాట్లాడితే చెయ్యి వదులవుతుంది. నోరు మూసుకుని నిలబడండి," అంది అక్కయ్య నవ్వుతూనే.

అక్కయ్య భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఓపిక అతని వృత్తిలోనే ఉంది గానీ ఆకలి దగ్గర అది పనిచేయదు. పరీక్ష తన దాకా వచ్చేలోపే ఒక గుడ్డు మింగేసి, ఏమీ ఎరగనట్టు చెయ్యి చాపాడు. అతని చెయ్యి ఇనుపకడ్డీలా నిలబడింది.

ఆఖరున చెల్లెలి వంతు. అక్కయ్య ఇలా వేలు పెట్టిందో లేదో, చెయ్యి అలా పడిపోయింది.

"గుడ్డు కూడానా? ఇంక నేను గాలి భోంచేయాల్సిందే," అంది చెల్లెలు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, కూర గిన్నె పక్కకి జరిపి, ఉప్పు చల్లిన దోసకాయ ముక్కలతో కడుపు నింపుకుంది. ఆ నవ్వుల మధ్యన ఓ మనిషి కుడిచెయ్యి మెల్లమెల్లగా చచ్చుబడిపోతోందని, అదీ తననెంతో ప్రేమించే అక్క కళ్ళ ముందే జరుగుతోందని అక్కడున్నవాళ్ళలో ఎవరికీ తోచలేదు.

అలాగని అక్కయ్యని మోసగత్తె అనుకుంటే పొరపాటు. ఆవిడ మనసు వెన్న. ఒకప్పుడు ఓ బీమా కంపెనీలో టైపిస్టుగా పనిచేసేది. మెడ పట్టేసి, తల తిప్పలేక, డాక్టర్ల చుట్టూ తిరిగింది. వాళ్ళు ముఖం కూడా చూడకుండా మందులు రాసి తలుపు వైపు చూసేవారు. చివరికి ఎవరో చెప్తే ఓ కినీసియాలజీ చికిత్సకురాలి దగ్గరకి వెళ్ళింది. ఆమె కూర్చోబెట్టి, ఎలా పడుకుంటావు, ఏ పని చేస్తావు, దేనికి దిగులు పడుతున్నావు అని తీరుబడిగా అడిగింది. మెడ మీద చెయ్యివేసి నెమ్మదిగా మర్దన చేసింది. నొప్పి తగ్గిందో, ఇన్నాళ్ళకి ఒకరు విన్నారన్న ఊరట కలిగిందో గానీ, అక్కయ్య ఆ గదిలోనే భోరుమని ఏడ్చింది. ఆ రోజే ఈ విద్య నేర్చుకుని తీరాలని పట్టుబట్టింది.

నేర్చుకుంది, అందులో చెయ్యి తిరిగింది. టైర్ల కొట్టు మీది మేడగదిలో బల్ల వేసి, తెల్లదుప్పటి పరిచి, చికిత్స మొదలుపెట్టింది. వారానికోసారి కొత్తవాళ్ళకి పాఠాలూ చెప్పేది. ఆవిడ పాఠం చెబుతుంటే కింద టైర్లు బిగించే చప్పుడు కూడా ఎవరి చెవికీ ఎక్కేది కాదు.

"కినీసియాలజీ అంటే కదలికల శాస్త్రం. మన విద్య గత శతాబ్దం అరవయ్యో దశకంలో, అమెరికాలో ఓ వెన్నెముక వైద్యుడితో మొదలైంది," అని చెప్పేది. బలహీనంగా ఉన్న కండరాన్ని ఆయన ఒక చోట నొక్కి మర్దన చేస్తే అది గట్టిపడిందట. దాంతో ఒక్కో కండరానికీ ఒక్కో లోపలి అవయవంతో సంబంధం ఉందనుకున్నాడు. చైనావాళ్ళ వైద్యంలో చెప్పే శక్తి మార్గాలనూ వాటికి ముడిపెట్టాడు. ఆయన తర్వాత ఈ విద్య కొమ్మలు వేసింది. ఇంట్లో అమ్మా నాన్నా కూడా ఒకరికొకరు చేసుకునేలా తేలికచేసిన పద్ధతి ఒకటి. పిల్లలకి చదువు వంటబట్టడానికని కాళ్ళూ చేతులూ కదిలించే ఆటలు నేర్పే పద్ధతి మరొకటి. మనసులోని భయాన్నీ దుఃఖాన్నీ కండరం ద్వారా పట్టుకుంటామనేది ఇంకొకటి. తిండిలో ఏది పడుతుందో ఏది పడదో తేలుస్తామనే కొమ్మ మీద అక్కయ్యకి గురి ఎక్కువ. ఒంటిని, మనసుని, తిండిని విడివిడిగా కాక మనిషిని మొత్తంగా చూడాలనేది అన్ని కొమ్మలూ చెప్పే మాట. అది మంచి మాట. అక్కయ్యని కట్టిపడేసింది కూడా ఆ మాటే.

చెల్లెలు ఓ పెద్ద హోటల్ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఆవిరి ఇస్త్రీపెట్టె ఎత్తి దించుతూ, మెడ వంచి, పొద్దస్తమానం నిలబడే పని. ఏడాది కిందట ఒకరోజు మేడగదికి వచ్చి, "అక్కా, కుడిచెయ్యి లాగేస్తోంది, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి," అంది. అక్కయ్య చెల్లెల్ని తన బల్ల మీదే కూర్చోబెట్టి, చేతిలో పాలసీసా పెట్టి నొక్కింది. చెయ్యి పడింది. పాలు మానేయమంది. పాలు మానేసిన కొత్తలో కాస్త తేలిగ్గా ఉన్నట్టే అనిపించింది. అక్క చెప్పాక తేలిగ్గా ఉండకపోతే బాగుండదు కదా అని చెల్లెలి మనసు.

తర్వాత గోధుమరొట్టె పడలేదు. బంగాళాదుంప పడలేదు. టీ పొడి పడలేదు. టమాటా, వేరుశనగ, చక్కెర, ఒక్కొక్కటే చెల్లెలి కంచంలోంచి జారుకున్నాయి. ఆ విద్యలో ఒక నియమం ఉంది. చేతిలో ఏమీ పెట్టకముందు వట్టి చేతిని నొక్కి, అది గట్టిగా ఉందని రూఢి చేసుకోవాలి. మిగతావాళ్ళ విషయంలో అక్కయ్య ఆ నియమం తప్పేది కాదు. చెల్లెలి దగ్గరకొచ్చేసరికి, ఇంటిపిల్లే కదా అని నేరుగా అసలు పనిలోకి దిగేది. ఒకసారి వట్టి చెయ్యి కూడా జారిపోతే, శక్తి మార్గాలు అటూ ఇటూ అయ్యాయని చెప్పి, మంచినీళ్ళు తాగించి, కంఠం కింది ఎముకల దగ్గర రుద్ది, మళ్ళీ నొక్కింది. ఈసారి నిలబడింది. తను రెండోసారి నెమ్మదిగా నొక్కానని అక్కయ్యకి తెలియదు. నిజంగా తెలియదు. మనం గట్టిగా నమ్మినదాన్ని మన వేళ్ళు మనకి చెప్పకుండానే నిజం చేసిపెడతాయి. ఇది అక్కయ్య ఒక్కదాని బలహీనత కాదు, మనందరిదీ.

చెల్లెలు చిక్కిపోయింది. జాకెట్టు భుజాల దగ్గర వదులైంది. లాండ్రీలో సూపర్‌వైజరు, "నీ వరసలో బట్టల మడతలు పోవడంలేదు, ఏమైంది నీకు? ఇలాగే ఉంటే వేరే మనిషిని చూసుకోవాలి," అని గట్టిగానే చెప్పింది. మరిది ఒకటి రెండుసార్లు ఆస్పత్రి మాట ఎత్తాడు. "ఇంట్లో అక్కని పెట్టుకుని ఆస్పత్రికెందుకండీ? అక్క చిన్నబుచ్చుకుంటుంది," అని చెల్లెలే అడ్డుపడింది.

ఓ సాయంత్రం పని మధ్యలో ఇస్త్రీపెట్టె చేతిలోంచి జారి కాలి పక్కన పడింది. వెంట్రుకవాసిలో కాలికి దెబ్బ తప్పింది. సూపర్‌వైజరు ఇంటికి పంపేసింది. చెల్లెలు ఇంటికి వెళ్ళలేదు, తిన్నగా మేడగదికి వచ్చింది. మెట్లెక్కిన ఆయాసంతో గోడకి ఆనుకుని, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది.

అక్కయ్య ఎవరికో మర్దన చేసి పంపి, అప్పుడే చేతులు తుడుచుకుంటోంది. బెంచీ మీద కొత్తగా వచ్చిన ఓ పెద్దాయన తన వంతు కోసం కూర్చునున్నాడు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఈ విద్యలో ఓనమాలు కూడా తెలియవు.

"అక్కా, చెయ్యి మళ్ళీ పడిపోతోంది," అంది చెల్లెలు.

"ఏం తిన్నావే?"

"తప్పు నాదే అక్కా. నిన్న బస్సు కోసం నిలబడి, ఆకలికి ఆగలేక ఓ బిస్కెట్టు తిన్నాను. నువ్వు వద్దన్నావని తెలిసీ తిన్నాను. ఇంకెప్పుడూ తినను. నన్ను తిట్టకు," అని చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అక్కయ్య బిస్కెట్టు కోసం అలమర వైపు నడుస్తోంది, చేతిలో పెట్టి నొక్కి చూద్దామని. వెనక పెద్దాయన బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"ఏమ్మా, ఏమంటున్నావు? చెయ్యి పడిపోతోందా?"

"అవునండీ. చాన్నాళ్ళుగా."

"చాన్నాళ్ళుగా చెయ్యి పడిపోతోంటే బిస్కెట్ల గురించి మాట్లాడతారేంటమ్మా! మా అన్నయ్యకి ఇలాగే చెయ్యి పడిపోతే పరిగెత్తి తీసుకెళ్ళాం. పదండి, ఆటో పిలవనా?"

"అది కాదండీ, మా భాషలో పడిపోవడమంటే..." అని అక్కయ్య మొదలుపెట్టింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

మా భాషలో! చెయ్యి పడిపోతోందని ఏ ఇంట్లో ఎవరు అన్నా, విన్నవాళ్ళ గుండె గుభేలుమంటుంది. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి పరిగెత్తుతారు. తన ఇంట్లో ఏడాదిగా ఆ మాట అంటుంటే, తను పాలసీసా వెతికింది, టీ పొడి వెతికింది, ఇప్పుడు బిస్కెట్టు వెతుకుతోంది. రోజూ వాడి వాడి, అందరికీ తెలిసిన మాటకి అర్థమే అరగదీసేశారు. పైగా తిండికి మొహం వాచిన పిల్ల తప్పు తనదేనని ఏడుస్తోంది.

అక్కయ్య వెనక్కి వచ్చింది. చెల్లెలి రెండు చేతులూ చాపమంది. ఎందులోనూ ఏమీ పెట్టలేదు. రెండు చేతుల మీదా ఒకేసారి, ఒకేలా నొక్కింది. ఎడమది నిలబడింది. కుడిది వడిలిన తోటకూర కాడలా వాలిపోయింది. భుజం మీది గుడ్డ పక్కకి తీసి చూసింది. కుడిభుజం గుండ్రదనం పోయి, పక్కదానికంటే పల్లంగా ఉంది. ఎన్నోసార్లు తాకిన భుజాన్ని అక్కయ్య అప్పుడే మొదటిసారి చూసింది.

"పద," అంది. చెల్లెలి నడుం చుట్టూ చెయ్యి వేసి మెట్ల వైపు నడిపించింది. పెద్దాయన అప్పటికే కిందికి దిగి ఆటో ఆపాడు.

ఆస్పత్రిలో నరాల డాక్టరు స్కానింగ్ తీయించాడు. మెడ ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండులాంటిది పక్కకి జరిగి, చేతికి వెళ్ళే నరాన్ని నొక్కేస్తోంది. "ఆపరేషన్ చేయాలి. ఇంకా ఆలస్యమైతే నరం తిరిగి కోలుకోదు. ఇప్పుడైనా పూర్తిగా వస్తుందని మాటివ్వలేను," అన్నాడు. మరిది బస్సు డిపోలో అప్పగించి పరుగున వచ్చాడు. వదినని ఒక్క మాట అనలేదు. అననందుకే ఆవిడ తలెత్తి అతని ముఖం చూడలేకపోయింది.

ఆపరేషన్ అయింది. నొప్పి తగ్గాక చెల్లెల్ని వ్యాయామాలు చేయించే గదికి పంపారు. అక్కడ ఫిజియోథెరపిస్టు ఓ పడుచుపిల్ల. చెల్లెల్ని కూర్చోబెట్టి, కుడిచెయ్యి భుజం ఎత్తున చాపమని, మణికట్టు దగ్గర చెయ్యివేసి కిందికి నొక్కింది. పక్కనే ఉన్న అక్కయ్య ఉలిక్కిపడింది. అదే భంగిమ, అదే నొక్కుడు.

"ఇది... ఇది కినీసియాలజీ కదమ్మా?" అంది.

"అవునండీ, నేను చదివిందే అది. మీకెలా తెలుసు?"

అక్కయ్య దాచలేదు. తనేం చేస్తుందో, ఏం చేసిందో అంతా చెప్పింది. ఆ పిల్ల వెటకారం చేయలేదు. చెల్లెలి మోచేతి కింద దిండు సర్దుతూ వింది.

"పేరొకటేనండీ, దారులే వేరు. మా కాలేజీలో చెప్పేది ఒళ్ళు ఎలా కదులుతుందన్న శాస్త్రం. ఈ నొక్కి చూడటం మీ విద్య పుట్టకముందు నుంచీ ఉంది. పోలియో వచ్చిన పిల్లల కండరాల్లో ఎంత బలం మిగిలిందో తెలుసుకోవడానికి డాక్టర్లు ఇలాగే చూసేవారు."

"మరి చేతిలో ఏం పెట్టేవారు?"

"ఏమీ పెట్టరండీ. చెయ్యి బలహీనంగా ఉంటే చెయ్యి బలహీనంగా ఉన్నట్టు. అంతే."

చెల్లెలికి నవ్వాగలేదు. ఆపరేషన్ తర్వాత మొదటిసారి పగలబడి నవ్వింది. అక్కయ్య మాత్రం నవ్వలేదు, ఏడవనూ లేదు. గుడ్డు గురించీ పాల గురించీ ప్రపంచంలో ఉన్న ప్రతి వస్తువు గురించీ ఈ చేతిని అడిగాను, నీకేమైందని మాత్రం అడగలేదు అనుకుంది. తప్పు ఎక్కడుందో కనపడ్డాక దాన్ని దిద్దుకోవడానికి ఆవిడకి భయం వేయలేదు. ఆవిడ పిరికిది కాదు.

కొన్ని నెలలు ఆపిన తరగతి మళ్ళీ మొదలైన రోజున మేడగది నిండిపోయింది. అక్కయ్య పాఠం మొదలుపెట్టకుండా, బల్ల మీద గడియారాల డబ్బాలు కొన్ని పేర్చింది. భర్త చేత కొన్నింటిలో చక్కెర, కొన్నింటిలో ఉప్పు వేయించి, కాగితం అంటించి, ఏది ఏదో తనకి చెప్పొద్దని అతన్ని కింద టైర్ల కొట్టులో కూర్చోబెట్టింది. చక్కెర అయితే చెయ్యి పడుతుందని వాళ్ళ పాఠం. అక్కయ్య ఒక్కొక్కరి చేతిలో డబ్బా పెట్టి నొక్కింది. శిష్యులూ ఒకరినొకరు నొక్కుకున్నారు. తీరా డబ్బాలు తెరిచేసరికి, చక్కెరకి నిలబడ్డ చేతులు చాలా ఉన్నాయి, ఉప్పుకి పడ్డవీ చాలా ఉన్నాయి. నాణెం ఎగరేసి చెప్పినా అలాగే వచ్చేది.

"నొక్కేవాళ్ళకీ నొక్కించుకునేవాళ్ళకీ తెలియకుండా చేసిన పరీక్షలు లోకంలో చాలా జరిగాయి. వాటి ఫలితాలూ ఇలాగే ఉన్నాయి. అవి నేను చదివాను, మనల్ని ఓర్వలేనివాళ్ళు రాసినవని పక్కన పడేశాను," అంది అక్కయ్య.

ముందు వరసలో కూర్చున్న ఒకావిడ ముఖం చిన్నబోయింది. అక్కయ్య చెయ్యి చూసి చెప్పిందని, ఆవిడ తన మూడేళ్ళ పాపకి పాలూ గుడ్డూ మాన్పించింది. "అయితే మీరు నేర్పిందంతా వట్టిదేనా అక్కయ్యగారూ? మీ దగ్గరకి వచ్చాకే కదా నా తలనొప్పి తగ్గింది? నాతో ఇంత ఓపిగ్గా మాట్లాడింది మీరొక్కరే కదా?"

"నీతో మాట్లాడటం వట్టిది కాదు. మెడ మీద చెయ్యి వేయడం వట్టిది కాదు. నడుం వంచి, కాళ్ళు చాపి చేయించే వ్యాయామాలు వట్టివి కావు. అవి ఇక ముందూ చేస్తాను, ఇంతకంటే బాగా చేస్తాను. చేతిని నొక్కి జబ్బు పేరు చెప్పడం, కంచంలో తిండి తీసేయడం మాత్రం ఈ గదిలో ఇక జరగదు. పాపకి పాలు పడవని ఎవరు చెప్పారు? నేను చెప్పాను. నేను డాక్టర్ని కాను. రేపు పిల్లల డాక్టరు దగ్గరకి మనిద్దరం కలిసి వెళ్దాం. ఆయన తొందరలో ఉండి వినకపోతే, వినేదాకా నేను కుర్చీలోంచి లేవను. టైపిస్టుగా పనిచేసినదాన్ని, నాకు కూర్చోవడం బాగా అలవాటు."

గదిలో నవ్వులు పుట్టాయి. పాప తల్లి కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

తలుపు దగ్గర చెల్లెలు కుర్చీలో కూర్చునుంది. ఈ కొద్ది నెలల్లో ఒంటికి కాస్త కండ పట్టింది. కుడిచేతిలో బలం చాలావరకు తిరిగొచ్చింది, అంతా రాలేదు. బరువైన ఇస్త్రీపెట్టె ఇక పట్టలేదు. లాండ్రీలో సూపర్‌వైజరు ఆమెని దుప్పట్లు మడతపెట్టే వరసలోకి మార్చింది. అక్కయ్య చెల్లెలి దగ్గరకి వెళ్ళి ఆ కుడిచేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకుంది. ఆ వేళ్ళలో ఇప్పటికీ చిటికెనవేలు పూర్తిగా ముడుచుకోదు.

"ఇది చూడండి. నా మీద నమ్మకంతో నా చెల్లెలు పోగొట్టుకున్నది ఇది. నన్ను నమ్మకపోతే ఏడాది ముందే ఆస్పత్రికి వెళ్ళేది, ఈ వేలు ముడుచుకునేది. నా మీద నాకు కోపం లేదని చెప్పను. కోపంతో గది మూసుకుని కూర్చుంటే ఎవరికి లాభం? మన దగ్గరకి వచ్చేవాళ్ళు ఇంకెక్కడా ఎవరూ వినక వస్తున్నారు. అది మనకి గొప్ప కాదు, బాధ్యత. వాళ్ళ మాట మనం చివరిదాకా వినాలి. విన్నది మన శక్తికి మించినదైతే, చెయ్యి పట్టుకుని ఆస్పత్రి మెట్లెక్కించాలి. మనిషిని మొత్తంగా చూడటమంటే అదే."

"అక్కా, ఇంక చాలు, నా చెయ్యి వదులు," అంది చెల్లెలు సిగ్గుపడుతూ. "అందరూ చూస్తున్నారు."

"చూడనీ," అంది అక్కయ్య. చెయ్యి వదలకుండానే శిష్యుల వైపు తిరిగి, గదిలో ప్రతి ఒక్కరికీ వినపడేలా చెప్పింది: "ఎవరైనా వచ్చి నొప్పి అని చెబితే, మీరు నేర్చుకున్న విద్యలోంచి దానికి అర్థం వెతక్కండి. ముందు ఆ మనిషి అన్న మాటనే నమ్మండి."